స్పోర్ట్స్ మెడిసిన్ ఫెలోషిప్ ఎక్కడ చేయాలి? ముందు సోమవారం క్లినిక్ చూడండి

ఏటా జూన్ నెలాఖరుకు నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. అమెరికాలో ఫ్యామిలీ మెడిసిన్‌లోనో ఇంటర్నల్ మెడిసిన్‌లోనో రెసిడెన్సీ మూడో ఏట అడుగుపెడుతున్నవాళ్లు, స్పోర్ట్స్ మెడిసిన్ ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టబోతూ చేస్తారు. రెసిడెన్సీ అంటే వైద్య డిగ్రీ తర్వాత ఆసుపత్రిలో చేసే స్పెషాలిటీ శిక్షణ, ఫెలోషిప్ దాని మీద ఇంకో మెట్టు, అందులో ఉన్న డాక్టరు ఫెలో. చేతిలో అప్పటికే ఒక జాబితా ఉంటుంది. ప్రతి ప్రోగ్రామ్ పేరు పక్కన అది చూసుకునే జట్టు పేరు రాసి ఉంటుంది. ఫలానా విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టు, ఫలానా నగరం బాస్కెట్‌బాల్ జట్టు. జాబితాలో వరుస కూడా దాదాపుగా ఆ జట్ల పేరుప్రతిష్ఠల వరుసే.

నేను ఒకటే అడుగుతాను. సోమవారం ఉదయం ఎనిమిదింటికి అక్కడి ఫెలో ఏ గదిలో ఉంటాడు, అతని చేతిలో ఏముంటుంది?

అడగడానికి కారణం ఉంది. ఫెలోషిప్ పన్నెండు నెలలే. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లపాటు ఈ డాక్టరు చేసే పనిలో మైదానం వాటా వారానికి ఒక సాయంత్రం, మహా అయితే రెండు. మిగతాదంతా క్లినిక్: అరిగిన మోకాళ్లు, చేయి పైకెత్తలేని భుజాలు, పొద్దున లేవగానే మడమ నొప్పి, సరిగ్గా పరీక్ష రాసే వారంలో పిక్క పట్టేసిన కాలేజీ అమ్మాయి, మారథాన్‌కు నెల రోజుల ముందు కాలి ఎముకలో సన్నని పగులు తెచ్చుకున్న నలభై ఏళ్ల అకౌంటెంట్. ఆ పనిని ఎవరు బాగా నేర్పుతారన్నదే నా దృష్టిలో అసలు పోలిక. జట్టు పేరు అందులో ఒక అంశం, అదీ చిన్నది.

అసలు ఫెలోషిప్ కావాలా?

ఈ ప్రశ్న దాటేసి నేరుగా దరఖాస్తు నింపేవాళ్లే ఎక్కువ. చిన్న ఊళ్లో ఫ్యామిలీ డాక్టరుగా స్థిరపడి, మోకాలికి, భుజానికి సూది వేయడం, బడి పిల్లలకు ఆటల ముందు చేసే వైద్య పరీక్ష, బెణుకులు చూడటం వరకే మీకు కావాల్సి ఉంటే ఫెలోషిప్ అక్కర్లేదు. రెసిడెన్సీలో రెండు మూడు ఐచ్ఛిక నెలలు స్పోర్ట్స్ క్లినిక్‌లో గడిపి, తర్వాత ఒకటి రెండు అల్ట్రాసౌండ్ శిక్షణ శిబిరాలకు వెళ్తే ఆ పని చక్కగా చేయవచ్చు. ఒక ఏడాది పూర్తి డాక్టరు జీతం వదులుకుని నాలుగో ఏటి రెసిడెంటు జీతంతో గడపడం చిన్న ఖర్చు కాదు. ఫెలోషిప్ చేసినంత మాత్రాన జీతం పెరుగుతుందన్న హామీ కూడా లేదు.

కానీ మీకు ఆర్థోపెడిక్ గ్రూపులో ఉద్యోగం కావాలన్నా, కాలేజీ జట్టుకు డాక్టరు కావాలన్నా, రోజంతా కండరాలు, ఎముకలు, కీళ్ల రోగులనే చూడాలన్నా దారి ఇదే. స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టరుగా గుర్తింపు ఇచ్చే పరీక్ష 1993లో మొదలైంది. తొలి ఏళ్లలో అనుభవం చూపించి రాసే వీలుండేది, ఆ తలుపు మూసేసి చాలా కాలమైంది. ఇప్పుడు ఏసీజీఎంఈ (అమెరికాలో డాక్టర్ల శిక్షణ ప్రోగ్రామ్‌లకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ప్రోగ్రామ్‌లో కనీసం ఏడాది శిక్షణ పూర్తి చేసినవారికే ఆ పరీక్ష. ఫ్యామిలీ మెడిసిన్, ఇంటర్నల్ మెడిసిన్, పీడియాట్రిక్స్, ఎమర్జెన్సీ మెడిసిన్, ఫిజికల్ మెడిసిన్ అండ్ రీహాబిలిటేషన్ - ఈ అయిదు దారుల్లో ఎక్కడి నుంచి వచ్చినా అందరూ రాసేది ఒకే పరీక్ష.

ఒక అపోహ కూడా ఇక్కడే తీర్చుకుందాం. ఇది శస్త్రచికిత్స నేర్పే ఫెలోషిప్ కాదు. తెగిన లిగమెంటు కుట్టే సర్జన్లది వేరే దారి. అయిదేళ్ల ఆర్థోపెడిక్ రెసిడెన్సీ అయ్యాక వాళ్లకు విడిగా స్పోర్ట్స్ ఫెలోషిప్ ఉంది. మన పని కత్తి అవసరమైనవాళ్లను గుర్తించడం, అవసరం లేని పెద్ద సంఖ్యను కత్తి లేకుండా నయం చేయడం.

ఏ రెసిడెన్సీ నుంచి వస్తే ఏం తేడా?

ఇంకా రెసిడెన్సీ ఎంచుకునే దశలో ఉన్నవారి కోసం ఈ భాగం. ఇప్పటికే మధ్యలో ఉన్నవారు తమ లోటు ఎక్కడుందో చూసుకోవడానికి చదవవచ్చు.

ఫ్యామిలీ మెడిసిన్ మూడేళ్లు. పదేళ్ల జిమ్నాస్టు నుంచి డెబ్బై ఏళ్ల టెన్నిస్ ఆటగాడి దాకా అందరినీ చూసిన అలవాటు వస్తుంది, గర్భిణి వచ్చి పరుగు కొనసాగించవచ్చా అని అడిగినా తడుముకోనక్కర్లేదు. ప్రోగ్రామ్‌లలో ఎక్కువ భాగం ఈ విభాగాల ఆధ్వర్యంలోనే నడుస్తాయి. స్పోర్ట్స్ మెడిసిన్ ఒక్కటే మనసులో ఉంటే నేను చెప్పేది ఇదే.

ఇంటర్నల్ మెడిసిన్ కూడా మూడేళ్లే. గుండె, ఊపిరితిత్తులు, మధుమేహం వంటి విషయాల్లో పట్టు బాగా ఉంటుంది. ఆటగాడి ఈసీజీ చూసి, అది సాధనతో సహజంగా పెరిగిన గుండెదా, కండరం జబ్బుపడి మందమైన గుండెదా అని ఆలోచించాల్సి వచ్చినప్పుడు ఆ పట్టు అక్కరకొస్తుంది. చిక్కల్లా పిల్లలతోనే. మైదానంలో మీ ముందుకొచ్చేవాళ్లలో ఎక్కువమంది పద్దెనిమిది లోపువాళ్లు. పిల్లల ఎముకలు పొడవు పెరిగే చోట్లయిన పెరుగుదల పలకల దగ్గర విరిగే ఎముకల గురించి ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ నేర్పేది తక్కువ. ఫెలోషిప్‌లో అది మొదటి నుంచీ నేర్చుకోవాలి. ఇంటర్వ్యూలో కూడా అదే అడుగుతారు, సమాధానం సిద్ధంగా ఉంచుకోండి. పీడియాట్రిక్స్ నుంచి వచ్చేవారిది సరిగ్గా దీనికి అద్దంలో బొమ్మ. పిల్లల ఆసుపత్రుల్లో వారికి మంచి గిరాకీ ఉంటుంది, మోకాలు అరిగిన పెద్దల క్లినిక్ మాత్రం దూరం.

ఎమర్జెన్సీ మెడిసిన్ మూడేళ్లో నాలుగేళ్లో, ప్రోగ్రామ్‌ను బట్టి. మైదానంలో ఆటగాడు కుప్పకూలితే వీళ్ల చేతులు వణకవు. ఎముక జారినా పగిలినా సర్దడం రోజువారీ పని. కానీ ఒకే రోగిని ఆరు వారాల తర్వాత మళ్లీ చూసి, వ్యాయామాలు ఎలా సాగుతున్నాయో తెలుసుకుని, చికిత్సను మార్చడం అనే ఓపిక పని వాళ్లకు కొత్త. ఆ తేడా వాళ్లే ఒప్పుకుంటారు.

ఫిజికల్ మెడిసిన్ అండ్ రీహాబిలిటేషన్, అంటే పీఎంఆర్, ఇంటర్న్ ఏడాదితో కలిపి నాలుగేళ్లు. కదలిక, నరాలు, కండరాలు, వెన్ను, అల్ట్రాసౌండ్ ఈ విషయాల్లో వీళ్లు ఒక అడుగు ముందే ఉంటారు. ఆస్తమా, రక్తపోటు, చర్మ వ్యాధుల దగ్గర మాత్రం కొంచెం వెనకడుగు. కుస్తీ జట్టులో ఒకరి ఒంటిమీద వచ్చిన పొక్కులు పదిమందికి పాకితే జట్టు డాక్టరుకు చర్మ వ్యాధులు ఎందుకు తెలియాలో అర్థమవుతుంది.

ప్రోగ్రామ్‌లలో రకాలు: ఇక్కడే తీరిగ్గా ఆలోచించాలి

పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. అన్నిటి వెబ్‌సైట్లోనూ మైదానం అంచున చేతులు కట్టుకుని నిలబడిన డాక్టర్ల ఫొటో ఉంటుంది. లోపలికి వెళ్తే మూడు నాలుగు జాతులు కనిపిస్తాయి.

మొదటిది పెద్ద విశ్వవిద్యాలయం. ఎన్‌సీఏఏ డివిజన్ వన్ జట్లు (అమెరికా కాలేజీ క్రీడల్లో పై స్థాయివి), ఎమ్మారై కావాలంటే అదే రోజు, పక్క గదిలో పోషకాహార నిపుణులు, మానసిక నిపుణులు, గుండె నిపుణులు. ఆటగాళ్లలో తిండికీ శ్రమకీ పొంతన కుదరక వచ్చే సమస్యల మీద అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఒక కొత్త పేరు పెట్టి ప్రకటన చేసింది, 2023లో దాన్ని సవరించింది. అలాంటి కేసును నలుగురు నిపుణులు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఎలా నడుపుతారో చూడాలంటే ఇలాంటి చోటే చూడాలి. పరిశోధన చేయాలనుకునేవారికీ ఇదే నెలవు. లోటు ఏమిటంటే, పెద్ద జట్టుకు పెద్ద డాక్టరు ఉంటారు. స్టార్ ఆటగాడి మోకాలు వాచినప్పుడు మొదట చేయి వేసేది ఆయన, తర్వాత సర్జన్, ఆ తర్వాత మీకు వంతు వస్తే వస్తుంది. ఏడాది పొడవునా గొప్ప వైద్యాన్ని రెండడుగుల దూరం నుంచి చూసి బయటికి వచ్చిన ఫెలోలను నేను ఎరుగుదును. పేరు గొప్ప, ఊరు దిబ్బ అనను గానీ, ఆ దిశలో కొంత నిజం ఉంది.

రెండోది కమ్యూనిటీ ఆసుపత్రి. చుట్టుపక్కల హైస్కూళ్లు, ఒక చిన్న కాలేజీ, ఊళ్లో జరిగే పరుగు పందేలు. జట్ల పేర్లు ఎవరూ విని ఉండరు. కానీ శుక్రవారం రాత్రి హైస్కూల్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో డాక్టరు మీరే.

నా ఫెలోషిప్ ఏడాది ఒక శుక్రవారం గుర్తుంది. మూడో క్వార్టర్‌లో ఒక కుర్రాడు ఢీకొని లేచాడు. లేచిన తీరు బాగాలేదు, మొదటి అడుగు పక్కకు పడింది. జట్టుతో ఉండి గాయాలు చూసుకునే అథ్లెటిక్ ట్రైనర్ నా వైపు చూసి కళ్లతోనే ఏదో చెప్పింది. కుర్రాణ్ని బెంచీ దగ్గరకు తెచ్చాం. మ్యాచ్ ఎక్కడ జరుగుతోంది, చివరి స్కోరు ఎవరు చేశారు అని అడిగాను. రెండో ప్రశ్నకు వాడు స్కోరుబోర్డు వైపు తల తిప్పాడు. అంతలో ట్రైనర్ నిశ్శబ్దంగా వాడి హెల్మెట్ తీసుకుని తన వెనక పెట్టుకుంది. ఎందుకని తర్వాత అడిగితే నవ్వింది. "హెల్మెట్ చేతిలో ఉంటే మనం పక్కకు తిరగగానే మైదానంలోకి వెళ్లిపోతాడు డాక్టర్. హెల్మెట్ లేకపోతే రిఫరీ రానివ్వడు." పాఠ్యపుస్తకం ఈ సంగతి చెప్పదు. ఇంకో అయిదు నిమిషాలకు కోచ్ వచ్చాడు, ఆ తర్వాత వాళ్ల నాన్న కంచె దూకి మరీ వచ్చాడు. వాళ్లిద్దరికీ 'ఇవాళ ఆడడు' అని చెప్పాల్సింది నేనే. నా వెనక ఏ ప్రొఫెసరూ లేడు, ఫోనులో తప్ప.

ఆ 'ఇవాళ ఆడడు' అనే మాటకు చట్టం అండ ఉంది. వాషింగ్టన్ రాష్ట్రంలో 2006లో పదమూడేళ్ల జాకరీ లిస్టెడ్ తలకు దెబ్బ తగిలాక మళ్లీ ఆటలోకి వెళ్లి, మెదడుకు తీవ్ర గాయమై బతికి బయటపడ్డాడు. అతని పేరు మీద 2009లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. మెదడు అదిరిందన్న అనుమానం ఉంటే ఆట నుంచి తీసేయాలి, అర్హత ఉన్న వైద్య నిపుణులు రాసిచ్చేదాకా తిరిగి పంపకూడదు. 2014 నాటికి యాభై రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలు వచ్చాయి. చట్టం ఉన్నంత మాత్రాన కోచ్ ముఖం చూసి ఆ మాట చెప్పడం తేలిక కాదు, అది సాధనతోనే అలవడుతుంది. కమ్యూనిటీ ప్రోగ్రామ్‌లో ఆ సాధన ఒక్క సీజన్‌లోనే దొరుకుతుంది.

దీని లోటు కూడా చెప్పాలి. అరుదైన కేసులు తక్కువ. బోధన ఒకరిద్దరు డాక్టర్ల మీద ఆధారపడి ఉంటుంది. వారిలో ఒకరు ఉద్యోగం మారితే మీ ఏడాది సగం ఖాళీ. ఇలాంటి చోటికి దరఖాస్తు పెడితే, గత మూడేళ్లలో బోధకులు ఎందరు వచ్చారు, ఎందరు వెళ్లారు అని తప్పక అడగండి.

మూడోది ఆర్థోపెడిక్ గ్రూపుతో పెనవేసుకుని నడిచేది. రోగుల సంఖ్య విపరీతం, సూదులు విపరీతం. రోజుకు పాతికమందిని చూసి, పదిమందికి సూది వేసిన చేయి ఏడాది తిరిగేసరికి పదును తేలుతుంది. సర్జన్లతో మాట్లాడే భాష వస్తుంది, ఎవరికి ఆపరేషన్ అవసరమో త్వరగా పసిగడతారు. కానీ ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. గ్రూపు ఆదాయానికి ఫెలో ఒక చవకైన చేయిగా మారవచ్చు. ప్రతి మోకాలికీ ఒకే సూది, ప్రతి భుజానికీ అదే సూది, ఆలోచించడానికి సమయం లేకుండా. ఇంటర్వ్యూలో 'మా దగ్గర ప్రొసీజర్లు బోలెడు' అని గొప్పగా చెబితే, 'సూది వద్దని చెప్పడం ఎవరు నేర్పుతారు?' అని మర్యాదగా అడిగి చూడండి. ముఖాలు చాలా చెబుతాయి.

పీఎంఆర్ విభాగాల కింద ఉన్నవి, పిల్లల ఆసుపత్రుల్లో ఉన్నవి, ఎమర్జెన్సీ విభాగాల కింద ఉన్నవి మరో రకం. వాటి రుచి ఆ విభాగాన్ని బట్టే. అది మీ లోటును పూరిస్తే మంచిది, మీకు ఇప్పటికే వచ్చిన పనినే మళ్లీ చేయిస్తే వద్దు.

నాకు ఎంచుకునే అవకాశం మళ్లీ వస్తే? రెండో రకంలోనే ఉంటూ, నెలకు కొన్ని రోజులు పెద్ద విశ్వవిద్యాలయానికి పంపే ఏర్పాటు ఉన్న ప్రోగ్రామ్‌కు మొదటి స్థానం ఇస్తాను. అలాంటివి ఉన్నాయి, వెతకాలి.

ప్రోబ్ ఎవరి చేతిలో ఉంటుంది?

సోమవారం ఉదయం ఫెలో చేతిలో ఏముంటుందని మొదట్లో అడిగింది ఇందుకే. కండరాలు, కీళ్ల అల్ట్రాసౌండ్ ఇవాళ ఈ వృత్తికి స్టెతస్కోప్ లాంటిది. దాన్ని చూసి నేర్చుకోవడం కుదరదు, ఈత ఒడ్డున నిలబడి నేర్చుకోలేనట్టే.

ఎందుకు కుదరదో ఒక్క ఉదాహరణ. భుజం మీద ప్రోబ్, అంటే ఒంటికి ఆనించి చూసే అల్ట్రాసౌండ్ పరికరం, పెట్టారు. కింద టెండన్ (కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే పట్టీ) తెల్లగా, నారనారగా కనిపించాలి. ప్రోబ్ కాస్త వాలిందంటే చాలు, అదే టెండన్ తెరమీద నల్లబడిపోతుంది. కొత్త కన్నుకు అది చిరుగులా కనిపిస్తుంది. లేని చిరుగును రోగికి చెప్పి, ఎమ్మారైకి పంపి, ఆయన రెండు వారాలు నిద్రపోకుండా చేసిన ఘనత నాకూ ఉంది. నాకు నేర్పిన డాక్టరు ఏమీ అనకుండా నా మణికట్టు మీద చూపుడు వేలు పెట్టి ఇసుమంత వెనక్కి వంచారు. నల్లమచ్చ తెల్లగా మెరిసింది. ఆ వేలు బరువు ఎంతో నాకు ఇప్పటికీ తెలుసు. అలాంటి వేళ్లు ఉన్న ప్రోగ్రామ్ కావాలి మీకు.

అందుకే 'మీ దగ్గర అల్ట్రాసౌండ్ ఉందా' అని అడగకండి, అందరి దగ్గరా ఉంది. ఎన్ని యంత్రాలు, ఎందరు ఫెలోల మధ్య? రోగ నిర్ధారణకు పూర్తి స్కాన్ ఫెలో స్వయంగా చేస్తాడా, సూది దారి చూసుకోవడానికి మాత్రమే వాడుతున్నారా? బొమ్మలు భద్రపరిచి తర్వాత ఎవరైనా కూర్చుని తప్పులు చూపిస్తారా? చివరి ప్రశ్నకు అవునని చెప్పే చోట్లు తక్కువ, కాబట్టి అక్కడే తేడా తెలుస్తుంది. తర్వాత అల్ట్రాసౌండ్‌లో విడిగా అర్హత పరీక్ష రాయాలన్నా స్వయంగా చేసిన స్కాన్‌ల లెక్క చూపించాలి, కాబట్టి మొదటి రోజు నుంచే ఒక చిట్టా రాసి పెట్టుకోండి.

మైదానం ఎంత ఉంటే చాలు?

క్లినిక్ గురించి ఇంత చెప్పాను కదా అని మైదానం అక్కర్లేదనుకోవద్దు. 2023 జనవరి 2న సిన్సినాటిలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు డమార్ హామ్లిన్ ఛాతీకి దెబ్బ తగిలి గుండె ఆగి పడిపోయినప్పుడు, మైదానంలోనే నిమిషాల్లో సీపీఆర్, డీఫిబ్రిలేటర్ అందాయి. అతను బతికి, అదే ఏడాది మళ్లీ ఆడాడు. అది అదృష్టం మాత్రమే కాదు. ఎవరు తల దగ్గర నిలబడాలి, ఎవరు అంబులెన్సును ఏ గేటు నుంచి రప్పించాలి అనేది ముందే రాసి, సాధన చేసి పెట్టుకున్నారు. మీ ప్రోగ్రామ్‌లో అలాంటి సాధన సీజన్ ముందు నిజంగా చేస్తారా, కాగితం మీదే ఉందా? అది అడగదగ్గ ప్రశ్న.

ఇంకొకటి, పరుగు పందేల వైద్య శిబిరాలు. ఎండలో పడిపోయి, ఒళ్లు నలభై డిగ్రీలు దాటి, మాట తడబడుతున్నవాడిని ఆసుపత్రికి పంపే ముందు మంచు నీళ్ల తొట్టిలో ముంచాలి. చల్లబరచడం ముందు, తరలించడం తర్వాత. ఆ తొట్టి పక్కన నిలబడి గుద ఉష్ణోగ్రత ఎలా దిగుతోందో ఒకసారైనా చూస్తే ఇక మరిచిపోరు. అదే గుడారంలో దీనికి పూర్తిగా వేరైన రోగి కూడా వస్తాడు: నీళ్లు మరీ ఎక్కువ తాగి రక్తంలో సోడియం పడిపోయినవాడు. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మంది పరుగువీరుల్లో 13 శాతం మందికి సోడియం తక్కువగా ఉందని తేలింది. 'పాపం, డీహైడ్రేషన్' అని అలవాటుగా సెలైన్ ఎక్కించే చేయి అక్కడ హాని చేయగలదు. ఏడాదిలో కనీసం ఒక పెద్ద పరుగు పందెం శిబిరం ఉన్న ప్రోగ్రామ్ చూసుకోండి.

అంతకు మించి మైదానం గంటలు పెరుగుతుంటే జాగ్రత్త. నాలుగు వారాల సగటున వారానికి 80 గంటల పరిమితి ఫెలోలకూ వర్తిస్తుంది. మ్యాచ్ గంటలు లెక్కలో కలుపుతున్నారా అని అక్కడి ఫెలోను అడిగితే, ఒక్కోసారి సమాధానానికి ముందు చిన్న మౌనం వస్తుంది.

వెన్ను వైపు లాగుతుంటే

పీఎంఆర్ వాళ్లకు ఎక్కువగా ఎదురయ్యే చౌరస్తా ఇది. 'స్పోర్ట్స్ అండ్ స్పైన్' పేరుతో నడిచే ఫెలోషిప్‌లు ఉన్నాయి. వెన్నులో సూదులు బాగా నేర్పుతాయి, వాటిలో చాలావాటికి ఏసీజీఎంఈ గుర్తింపు లేదు. గుర్తింపు లేకపోతే స్పోర్ట్స్ మెడిసిన్ పరీక్ష రాయలేరు, అంతే. కాలేజీ జట్టు డాక్టరు కావాలంటే అది వద్దు. వెన్ను సూదులే జీవితం అనుకుంటే స్పోర్ట్స్ పరీక్ష లేకపోయినా నష్టం లేదు. అప్పుడు గుర్తింపు ఉన్న పెయిన్ మెడిసిన్ ఫెలోషిప్‌ను కూడా పక్కన పెట్టి పోల్చుకోండి. రెండూ కావాలని మధ్యలో నిలబడితే తర్వాత బాధపడాల్సి వస్తుంది.

రెండేళ్ల ప్రోగ్రామ్‌లు కొన్ని ఉన్నాయి, పరిశోధనకో మాస్టర్స్ డిగ్రీకో. విశ్వవిద్యాలయంలో స్థిరపడేవారికి తప్ప ఇతరులకు నేను సిఫారసు చేయను.

వీసా, డబ్బు

వీసా మీద ఉన్నవారు ఈ భాగం ముందు చదవాల్సింది. జే-1 (శిక్షణకు వచ్చే విదేశీ డాక్టర్ల వీసా) మీద రెసిడెన్సీ చేసినవారికి రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న నిబంధన ఉంటుంది. దాన్ని మాఫీ చేయించుకోవడానికి కాన్రాడ్ పథకం కింద ప్రతి రాష్ట్రానికీ ఏటా 30 స్థానాలు, వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్ల పూర్తి సమయ ఉద్యోగం. చాలా రాష్ట్రాలు ప్రాథమిక వైద్యానికి ముందుపీట వేస్తాయి. నగరం నడిబొడ్డున ఉన్న ఆర్థోపెడిక్ గ్రూపు కొరత ప్రాంతంలో ఉండే అవకాశం తక్కువ. కాబట్టి మీ తొలి ఉద్యోగం సగం ఫ్యామిలీ మెడిసిన్, సగం స్పోర్ట్స్‌గా ఉండవచ్చని ముందే మనసుకు చెప్పుకోండి. అందుకే వారానికి ఒక పూటైనా మూల స్పెషాలిటీ క్లినిక్ నడిపించే ప్రోగ్రామ్ మీకు మరీ ముఖ్యం. ఏడాదిపాటు రక్తపోటు మాత్రలు రాయకపోతే చేయి ఎంత తుప్పు పడుతుందో తెలుసుకున్నాక బాధపడి లాభం లేదు. హెచ్-1బీ ఇస్తారా అన్నది మొదటి ఈమెయిల్లోనే అడగండి, ఇంటర్వ్యూ దాకా ఆగవద్దు.

ఖాళీ సమయంలో వేరే చోట షిఫ్టులు చేసి నాలుగు డబ్బులు సంపాదించుకోవడం జే-1 వారికి కుదరదు. మిగతావారికి ప్రోగ్రామ్ ఒప్పుకుంటే కుదురుతుంది, ఆ గంటలు 80లోనే కలుస్తాయి. ఎమర్జెన్సీ మెడిసిన్ నుంచి వచ్చినవారికి ఈ వెసులుబాటు బాగా గిట్టుబాటవుతుంది.

దరఖాస్తు నుంచి ర్యాంకు దాకా

జూలైలో దరఖాస్తు, వేసవి చివరి నుంచి శరదృతువు దాకా ఇంటర్వ్యూలు, డిసెంబరులో మీకు నచ్చిన వరుసలో ప్రోగ్రామ్‌ల ర్యాంకు జాబితా, కొత్త సంవత్సరం మొదట్లో ఎన్‌ఆర్‌ఎంపీ మ్యాచ్ (అభ్యర్థుల జాబితాలనూ ప్రోగ్రామ్‌ల జాబితాలనూ జతచేసి సీట్లు కేటాయించే పద్ధతి) ఫలితం. రెసిడెన్సీ రెండో ఏట మధ్యలోనే ఏదో ఒక హైస్కూల్ జట్టుతో పని మొదలుపెట్టి, ఒక ఆసక్తికరమైన కేసు రాసి, 1991లో ఏర్పడిన స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్ల సంఘం ఏఎంఎస్ఎస్ఎం వార్షిక సమావేశంలో పోస్టరుగా పెడితే మీ దరఖాస్తుకు బరువు వస్తుంది. సిఫారసు లేఖల్లో ఒకటి మిమ్మల్ని మైదానంలో చూసిన డాక్టరుదై ఉండాలి. పెద్ద పేరున్న ప్రొఫెసరు రాసిన పొడి లేఖ కన్నా, మీరు వానలో తడుస్తూ చివరిదాకా నిలబడ్డారని రాసిన చిన్న ఊరి డాక్టరు లేఖే నేను ఆగి చదువుతాను.

ఇంటర్వ్యూలు ఇప్పుడు చాలావరకు తెరమీదే. అక్కడి ఫెలోతో బోధకులు ఎవరూ లేకుండా ఇరవై నిమిషాలు మాట్లాడించమని అడగండి. ఒప్పుకోని చోటును జాబితాలో కిందికి దించండి. ఆ ఇరవై నిమిషాల్లో ఒక పని చేయండి: గత వారం మీ షెడ్యూలు ఎలా ఉందో చూపిస్తారా అని అడగండి. నమూనా షెడ్యూలు వద్దు, అది అందరిదీ అందంగానే ఉంటుంది. నిజంగా గడిచిన వారం కావాలి. సోమవారం నుంచి మొదలుపెట్టి ఒక్కో పూటా చదవమనండి. ఎవరి పక్కన నిలబడ్డారు, ఎందరిని ముందుగా తామే చూశారు, ఏ సూది తామే వేశారు, శుక్రవారం రాత్రి ఎన్నింటికి ఇంటికి చేరారు.

నేను బోధించే ప్రోగ్రామ్‌లో అలా అడిగిన అభ్యర్థి ఇన్నేళ్లలో ఒక్కరే. ఆమె ప్రశ్నకు మా ఫెలో ఫోను తీసి క్యాలెండరు చూపించాడు. బుధవారం మధ్యాహ్నం గడి ఖాళీగా ఉంది. ఇదేమిటని ఆమె అడిగితే, అది పాఠాల సమయమనీ ఆ వారం బోధకులు ఎవరూ రాలేదనీ ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. మరుసటి వారం నుంచి బుధవారం మధ్యాహ్నాలు నేను వెళ్తున్నాను.